బండి నడిచినంత మాత్రాన ట్రైలర్ బ్యాటరీ నిండదు

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో కారు వెనక చక్రాల ఇల్లు లాంటి ట్రైలర్ కట్టుకుని జాతీయ ఉద్యానవనాలకు వెళ్లే అమెరికా తెలుగు కుటుంబాల గురించి మీ ప్రవాసుల పేజీలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. అయితే, దారిలో ఇంజను నడుస్తున్నంతసేపూ ట్రైలర్ బ్యాటరీ దానంతటదే చార్జ్ అవుతుంది కాబట్టి రాత్రి కరెంటు గురించి దిగులు అక్కర్లేదని అందులో రాసిన మాట సరికాదు. ఆ మాటే నమ్మి ఇబ్బంది పడినవాణ్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం జూన్‌లో, తెనాలి దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను, పిల్లలను వెంటబెట్టుకుని ఎల్లోస్టోన్ వెళ్లాం. ఆ పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో ట్రైలర్‌కు కరెంటు తగిలించుకునే వీలు ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర ఒక్కచోటే ఉంది. అక్కడ మాకు జాగా దొరకలేదు. ఆ రోజు ఏడు గంటలు నడిపి వచ్చాం గనుక బ్యాటరీ నిండుగా ఉంటుందనుకుని నిశ్చింతగా పడుకున్నాం. ఎల్లోస్టోన్‌లో జూన్ రాత్రుళ్లు కూడా నీళ్లు గడ్డకట్టేంత చలి ఉంటుంది. ట్రైలర్‌లో హీటర్ మండేది గ్యాసుతోనే అయినా, వేడి గాలిని గదిలోకి తోసే ఫ్యాను తిరిగేది 12 ఓల్టుల బ్యాటరీ మీద. ఫ్యాను తగినంత వేగంగా తిరగకపోతే గ్యాసు మంట కూడా వెలగదు. తెల్లవారుజామున మూడు గంటలకు హీటర్ ఆగిపోయింది. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 11.8 ఓల్టుల దగ్గర, అంటే దాదాపు ఖాళీగా ఉంది. అమ్మానాన్నలను కారులో కూర్చోబెట్టి, ఇంజను ఆన్ చేసి తెల్లవార్చాం. ట్రైలర్ అమ్మినవారు కూడా "నడుస్తుంటే అదే నిండుతుంది" అనే చెప్పారు.

ఏడు గంటలు నడిచినా ఎందుకు నిండలేదో ఇంటికి వచ్చాక కొలిచి చూసి తెలుసుకున్నాను. లాగే బండి వెనక ఉండే ఏడు పిన్నుల సాకెట్‌లో ఒక పిన్ను ట్రైలర్ బ్యాటరీకి 12 ఓల్టుల కరెంటు అందిస్తుంది. మా బండిలో ఆ పిన్నుకు వచ్చే తీగ 12 గేజిది (గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది). ఆ గేజి రాగి తీగకు వెయ్యి అడుగులకు సుమారు 1.6 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ఇంజను దగ్గరి నుంచి ట్రైలర్ ముక్కు మీది బ్యాటరీ దాకా వెళ్లి రావడానికి 50 అడుగులు వేసుకుంటే 0.08 ఓమ్. అప్పట్లో మేం ప్రయాణంలో ఫ్రిజ్‌ను 12 ఓల్టుల మీదే నడిపేవాళ్లం, అది ఒక్కటే 12 ఆంపియర్లు లాగేది. అంటే దాదాపు ఒక ఓల్టు తీగలోనే పోయి, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దగ్గర 14 ఉన్నది బ్యాటరీ దగ్గరకు 13గా చేరుతోంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ బాగా నిండాలంటే 14.4 ఓల్టుల దాకా అందాలి. 13 ఓల్టుల దగ్గర అందులోకి నామమాత్రంగానే కరెంటు దిగుతుంది; ఏడు గంటల్లో వచ్చినదాన్ని వచ్చినట్టు ఫ్రిజ్ తినేసింది. ఈ లెక్క చెబితే మా నాన్న, "లైను చివరి పొలంలో మోటారుకు లో వోల్టేజీ వచ్చినట్టే కదరా" అన్నారు. సరిగ్గా అదే.

కొత్త బండ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంధనం ఆదా కోసం వీటిలో ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటరు నియంత్రిస్తుంది; తన సొంత బ్యాటరీ నిండిందనుకోగానే వోల్టేజీని 13కు, కొన్నిసార్లు అంతకంటే కిందికి దించేస్తుంది. వెనక ట్రైలర్ బ్యాటరీ ఆకలితో ఉందన్న సంగతి దానికి తెలియదు. కొన్ని పికప్ ట్రక్కుల్లో ట్రైలర్ లాగే మోడ్ నొక్కితే వోల్టేజీ పెరుగుతుంది, అన్నిటిలో కాదు. ఇక చిన్న ఎస్‌యూవీలకు తరచుగా ఉండే నాలుగు పిన్నుల కనెక్టరైతే లైట్ల కోసమే. అందులో చార్జింగ్ తీగే ఉండదు. నాకు తెలిసిన ఒక కుటుంబం అలాంటి బండితో రెండు సీజన్లు తిరిగి, రెండుసార్లు బ్యాటరీలు మార్చింది.

కాబట్టి ప్రయాణం పెట్టుకున్నవారు ముందుగా ఒక చిన్న పని చేయాలి. ట్రైలర్‌ను కారుకు తగిలించి, ఇంజను నడుస్తుండగా, ఫ్రిజ్ లాంటివి మామూలుగా ఆన్‌లో ఉంచి, ట్రైలర్ బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరే మల్టీమీటరు పెట్టి చూడాలి. కారు డాష్‌బోర్డు మీది అంకె ఇక్కడ పనికిరాదు. 13.5కు తగ్గితే ఆ తీగ మీద ఆధారపడి రాత్రులు గడపలేం. ఇంజను ఆపాక కూడా ఆ చార్జింగ్ పిన్నులో కరెంటు ఉంటే మరో ప్రమాదం: ట్రైలర్ తగిలించి పడుకున్న రాత్రి అది కారు బ్యాటరీనే ఖాళీ చేస్తుంది, ఇంజను ఆపగానే ఆ లైనును తెంచేసే రిలే అనే స్విచ్చు వేయించుకోక తప్పదు. ప్రయాణంలో ఫ్రిజ్‌ను 12 ఓల్టుల మీద నడపకుండా ముందే చల్లబరిచి మూసి ఉంచడం మాకు అన్నిటికంటే చవగ్గా ఫలితమిచ్చిన మార్పు.

నడుస్తూనే నిజంగా నింపాలంటే ట్రైలర్ బ్యాటరీ పక్కన డీసీ టు డీసీ చార్జరు పెట్టించుకోవాలి. వచ్చే వోల్టేజీ 12.5 అయినా అది పైకి లేపి బ్యాటరీకి కావలసిన 14.4 ఇస్తుంది. కానీ బయటికి 20 ఆంపియర్లు ఇవ్వాలంటే లోపలికి పాతిక దాకా లాగుతుంది. 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న ఏడు పిన్నుల లైనుకు అది అంచు మీద నడక. అంతకంటే పెద్ద చార్జరుకు 6 గేజి లేదా అంతకన్నా లావు తీగను విడిగా లాగి, రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజులు పెట్టాలి. ఆస్ట్రేలియాలో క్యారవాన్లకు ఎక్కువ కరెంటును తట్టుకునే 50 ఆంపియర్ల ఆండర్సన్ ప్లగ్‌తో ఇలా విడి లైను వేయించుకోవడం మామూలే. లిథియం బ్యాటరీకి మారినవారు ఈ డీసీ టు డీసీ చార్జరును అసలు దాటవేయకూడదు. ఆ బ్యాటరీ ఎంత ఇస్తే అంత మింగుతుంది, ఆ భారానికి ఆల్టర్నేటర్ వేడెక్కి పాడవుతుంది. పైగా సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు.

ఇది చలి రాత్రి సమస్య మాత్రమే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాదు. రోడ్డు మీద ట్రైలర్ కారు నుంచి ఊడిపోతే దాని ఎలక్ట్రిక్ బ్రేకులను పట్టించేది ట్రైలర్ మీది ఆ బ్యాటరీయే. ట్రైలర్ ఊడినప్పుడు కారుకు కట్టిన సన్నని కేబుల్ లాగడంతో ట్రైలర్ మీది స్విచ్చులోని పిన్ను ఊడి, బ్యాటరీ నుంచి బ్రేకులకు కరెంటు వెళుతుంది. వాణిజ్య వాహనాల ట్రైలర్లకు అలా పట్టిన బ్రేకు కనీసం 15 నిమిషాలు నిలవాలని అమెరికా ఫెడరల్ నిబంధన చెబుతోంది. దారంతా చార్జ్ అవుతోందని నమ్మిన బ్యాటరీ నిజానికి ఖాళీ అయివుంటే ఆ క్షణంలో బ్రేకు పట్టదు. బయల్దేరే ముందు కనెక్టరు ఊడదీసి, ఆ పిన్ను లాగి, బండిని అంగుళమంత ముందుకు కదిపి చక్రాలు బిగుసుకుంటున్నాయో లేదో చూడడానికి రెండు నిమిషాలు చాలు.

వేసవి సెలవులు మొదలయ్యేలోపు మీ ప్రవాసుల పేజీలోనే, ఆ వ్యాసం వచ్చినంత చోటులో, ఈ సవరణను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
డాలస్, టెక్సస్