మా బాహుదా నది గురించి జలవనరుల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఇచ్ఛాపురం నుంచి రాస్తున్నాను. శ్రీకాకుళం నదులనగానే మీ బల్ల మీదికి వచ్చేవి వంశధార, నాగావళి ఫైళ్లే అయ్యుంటాయి. వంశధారకైతే ఏకంగా ట్రిబ్యునలే వేశారు. మా బాహుదాకు అంత సీను లేదు.

దీని దారే చిత్రం. ఒడిశా గజపతి జిల్లా కొండల్లో పుడుతుంది. ఈశాన్యంగా చాలా దూరం పోయి, ఆగ్నేయానికి తిరిగి, మా ఇచ్ఛాపురం వైపు దిగుతుంది. ఇక సముద్రమెంత దూరం అనుకునేలోపు మళ్లీ హద్దు దాటి, ఒడిశాలోనే సునాపూర్ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. 96 కిలోమీటర్ల నడకలో మన నేల మీద నడిచేది 17, 18 కిలోమీటర్లే. పుట్టిల్లూ అక్కడే, అత్తిల్లూ అక్కడే. మన దగ్గరికి చుట్టపుచూపు. ఒరియాలో ‘బాహుడా’ అంటే తిరుగు ప్రయాణమట, జగన్నాథుడి రథం వెనక్కి వచ్చే యాత్రనీ ఆ పేరుతోనే పిలుస్తారు. నదికి పేరు అలా వచ్చిందని అనను గానీ, భలే కుదిరింది.

హద్దు కూడా ఏమంత పాతది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిపోయేదాకా అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాయే. మా తాతకు పెళ్లి బట్టలన్నా పెద్దాసుపత్రన్నా ఇప్పుడు ఒడిశాలో ఉన్న బరంపురమే. ఇప్పటికీ మాకు అంతే.

ఒక్కసారి మే నెలలో రండి. 1929 నాటి పాత వంతెన 2023లో రాళ్ల లారీ బరువుకు కూలిపోయింది, అక్కడే దిగితే సరి. ఏటి నిండా ఇసుకే. మోకాలి లోతు తోడితే చెలమలో చెంబెడు నీళ్లు ఊరతాయి. మా వీధి ముసలమ్మ కొబ్బరిచిప్పతో ముంచి, మూతికి గుడ్డ కట్టిన బిందెలో పోస్తుంది. రెండో చిప్పకు కాసేపు కూర్చోవాలి. మళ్లీ ఊరాలి కదా.

ఎగువన ఒడిశా వాళ్లకు భగలట్టి జలాశయం ఉంది. దాన్నుంచి బాహుదాలోకి 1.5 టీఎంసీలు వదలాలని 1978లో రెండు రాష్ట్రాలూ అనుకున్నాయి. అంకె మాకు కంఠతా వచ్చు. మేమడిగేది తేదీ. ఆకుమడి ముదిరిపోయి, ఉభాలకు, అంటే నాట్లకు, నీళ్లు లేక ఆకాశం చూసే వారంలో రాని నీళ్లు కార్తీకంలో వస్తే ఏం చేసుకోవాలి? అక్కడి మంత్రిగారితో కూర్చుని, ఏ నెలలో ఎన్ని రోజులు వదులుతారో రాయించుకు రండి.

ఇక వరద. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దాటాక కొండల్లో కురిసిన వానంతా ఏటికి పట్టింది. నీళ్లొస్తున్నాయని మాకు చెప్పిందెవరో తెలుసా? గంజాం జిల్లాలో, ఏటి ఎగువన ఉండే మా బావ. “గొడ్లను విప్పెయ్ రా, ఏరు ఎర్రగా తిరిగింది” అని ఫోను చేశాడు. తాళ్లు కోసి గొడ్లను మెరక మీదికి తోలేసరికి కల్లంలో పాదాలు మునిగాయి. ఎగువన నీటిమట్టం చూసే మనిషి ఉంటాడు కదా, అతని కబురు హద్దు దగ్గర ఆగకుండా నేరుగా మా తహసీల్దారు ఫోనుకి రావాలి. దీనికి టెండర్లు అక్కర్లేదు.

మా బావకు అరవై దాటాయి. ఇప్పుడు రాత్రి ఎనిమిదికే ఫోను కట్టేసి పడుకుంటున్నాడు.

ఇట్లు,
ఏటి గట్టున రెండెకరాల రైతు,
ఇచ్ఛాపురం