పేరు వేస్తే సరిపోదు

సంపాదకులకు,

చెన్నైలో సాలిగ్రామం, వడపళని వైపు షార్ట్ ఫిల్మ్‌లు తీసే మన తెలుగు కుర్రాళ్లు, సొంతంగా పాటలు చేసుకునేవాళ్లతో కలిసి పనిచేస్తున్నారు, సంతోషం. కానీ కాగితం మీద ఏమీ ఉండదు, వాట్సాప్‌లో "టైటిల్స్‌లో పేరు వేస్తాం బ్రో" అంతే. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. 2012 సవరణ తర్వాతైతే, సినిమా హాల్లో వేసే ఆటలు తప్ప మిగతా వాడకాలకు తమ రాయల్టీ వాటా వదులుకుంటామని గీత రచయిత, స్వరకర్త సంతకం పెట్టినా చెల్లదు. ఇది ఇరువైపులా చాలామందికి తెలీదు. ఎడిటింగ్ అయ్యాక "రెండ్రోజుల్లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కొట్టివ్వు" అనడం ఇంకో జబ్బు. స్క్రిప్ట్ దశలోనే పిలవండి, ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి. కెమెరా అద్దె మాత్రం ముందే కడతారుగా!

ఒక పాఠకుడు, చెన్నై