ముఖ పక్షవాతం: మొదటి మూడు రోజులు సూదుల పాలు కానివ్వకండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

కనుమ నాటి ఉదయం మా అక్క నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి వంకర పోయి ఉంది. ఎడమ కన్ను మూతపడటం లేదు. చల్లగాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. సూదులతో తగ్గుతుందని ఎవరో చెబితే ఆక్యుపంక్చర్ కేంద్రానికి నేనే తీసుకెళ్లాను. పదిహేను రోజులు రమ్మన్నారు. డాక్టరుకు చూపించారా అని అక్కడ ఒక్కరూ అడగలేదు. కంటిలో చుక్కలు వేయమని గాని, రాత్రి రెప్పను మూసి టేపు అంటించమని గాని చెప్పలేదు. పదో రోజుకు కన్ను ఎర్రబడి, చూపు మసకబారింది. తడి ఆరిపోయి నల్లగుడ్డు మీద పుండు పడిందని కంటి డాక్టరు చెప్పారు. చూపు దక్కింది. కానీ ఈనాటికీ అక్క నవ్వితే ఎడమ కన్ను దానంతట అదే మూసుకుపోతుంది. ఇంట్లో ఫొటో తీస్తున్నామంటే పక్కకు తప్పుకుంటుంది.

దీన్ని బెల్స్ పాల్సీ అంటారని నాకు ఆలస్యంగా తెలిసింది. చెవి వెనక ఎముకలోని ఇరుకు దారి గుండా ముఖానికి వచ్చే నాడి వాచి, ఆ ఇరుకులోనే నలిగిపోతుంది. చాలామందికి ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. అలా తగ్గినప్పుడు ఆ పేరు సూదులకు వస్తుంది. 2007లో వెలువడిన స్కాట్లండ్ పరిశోధనలో, 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టి పది రోజులు వాడినవారిలో 94 శాతం మంది తొమ్మిది నెలలకు పూర్తిగా కోలుకున్నారు. వాడనివారిలో కోలుకున్నది 82 శాతం. ఆక్యుపంక్చర్‌పై జరిగిన ప్రయోగాలను 2010లో వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ పరిశీలించి, వాటి నాణ్యత చాలదని, ఫలితం తేల్చలేమని చెప్పింది. సూదులు వద్దనడం లేదు. ఆ మూడు రోజులు పోతే తిరిగి రావంటున్నాను.

అందుకే అడుగుతున్నాను. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ చవకైన మాత్రలు, కంటి చుక్కలు ఎప్పుడూ ఉండేలా చూడండి. స్టెరాయిడ్ కాబట్టి మధుమేహం ఉన్నవారికి డాక్టరే చూసి ఇవ్వాలి. మూతి వంకర పోయినవారిని వెంటనే ఆసుపత్రికి పంపేలా ఆశా కార్యకర్తలకు నేర్పించండి. నుదురు మామూలుగా ముడతలు పడుతూ మూతి మాత్రమే వంకర పోతే అది మెదడులో వచ్చిన పక్షవాతం కావచ్చు, వెంటనే 108కు ఫోను చేయాలని కూడా చెప్పించండి.

ఆక్యుపంక్చర్ వృత్తికి పశ్చిమ బెంగాల్ 1996లోనే చట్టం చేసింది. మన రాష్ట్రంలోనూ ఈ కేంద్రాలను నమోదు చేయించి, కొత్తగా మూతి వంకర పోయి వచ్చినవారిని డాక్టరు చూడకుండా సూది గుచ్చకూడదని ఉత్తర్వు ఇవ్వండి. ఆనాడు మా అక్కకు కావలసింది ‘డాక్టరుకు చూపించారా’ అన్న ఆ ఒక్క ప్రశ్న.

భవదీయుడు,
బాపట్ల జిల్లా నుంచి ఒక తమ్ముడు