తెనాలి పెద్దాయనకు కృతజ్ఞతలు

మా అమ్మగారి చిగుళ్ల చికిత్స నిన్న గుంటూరు కొత్తపేటలోని ఒక దంత వైద్యశాలలో క్షేమంగా జరిగింది. రక్తం కారుతుందేమోనని రాత్రంతా పక్కనే కూర్చుని చూశాను, కారలేదు. కళ్లు మూతలు పడుతున్నా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేను.

అమ్మకు గుండె కవాటం మార్చారు కాబట్టి రక్తం పలచబడే మాత్ర ఆపడానికి వీల్లేదు. బీపీకి వాడిన ఆమ్లోడిపిన్ వల్ల చిగుళ్లు పళ్ల మీదికి పెరిగాయి. కత్తి పెడితే రక్తం ఆగదని వెళ్లిన చోటల్లా తిప్పి పంపారు. ఇక్కడి డాక్టరుగారు మాత్రం గుండె వైద్యులతో మాట్లాడి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చూసి, ముందుగా యాంటీబయాటిక్ ఇచ్చి, కత్తికి బదులు కాంతితో కోసే డయోడ్ లేజరుతో చేస్తామన్నారు. ఆ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది కనుక, చిగురు తెగుతుండగానే సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయట. గార తీయించుకోవడం తప్పదనీ, బీపీ మాత్ర మార్చకపోతే చిగురు మళ్లీ పెరగవచ్చనీ కూడా ఆయన దాచకుండా చెప్పారు.

లేజరు మాట వినగానే అమ్మ "నోరు కాలుస్తారా?" అంటూ లేచింది. పక్క కుర్చీలో తన వంతు కోసం చూస్తున్న తెనాలి పెద్దాయన "ఇటు చూడు చెల్లెమ్మా" అని, కింది పెదవిని వేలితో లాగి, అంతకుముందు లేజరు పెట్టించుకున్న తన చిగురు చూపించారు. ఎర్రదనం లేదు, కుట్ల జాడ లేదు. మత్తుసూది చురుక్కుమంటుందనీ, కమురు వాసన వస్తే కంగారుపడవద్దనీ చెప్పి, తన వంతు మాకిచ్చేశారు. రైలు తప్పిపోతున్నా అమ్మ బయటికి వచ్చేదాకా కదలలేదు. "చల్లటి పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టమ్మా, కొన్నాళ్లు కారం జోలికి పోనీయకు" అని నాతో అన్నారు. గుంటూరు మనిషికి అదే అసలు శిక్ష! నాకు అక్కడే ఏడుపు ఆగలేదు. పేరు అడిగేలోపే ఆయన్ను లోపలికి పిలిచారు.

ఏటా ప్రీమియం కట్టించుకునే బీమా వారు, ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పంటి వైద్యానికి పైసా రాదన్నారు. గుండె జబ్బు మనిషికి చిగుళ్లలో చీము చేరితే ఆ క్రిములు రక్తంలో కలిసి కవాటానికే ముప్పు తేగలవు కదా, ఇది సోకు కోసం చేయించిన వైద్యమా?

తమ్ముడు, మరదలు, మావారు వెంటే ఉన్నారు. వారికి వేరే చెప్పేదేముంది.

మరిచాను: రక్షణ కళ్లజోడు అమ్మకు సరిపోకపోతే వేరే జత వెతికి తెచ్చిన అసిస్టెంటు అమ్మాయికి, ఐఎన్‌ఆర్ రిపోర్టు తొందరగా ఇప్పించిన ల్యాబు కుర్రవాడికి, అమ్మను మెట్ల మీద చెయ్యి పట్టి దింపిన ఆటో ఆయనకు కూడా నా కృతజ్ఞతలు.