పాత ఇంటి మరమ్మతు: డిజైన్ దశ జమా ఖర్చుల వివరణ

వాటాదారులందరికీ కమిటీ నమస్కారాలు. ఇంటికో వాటా చొప్పున సమానంగా వేసుకున్నాం కాబట్టి ఈ లెక్క కూడా వాటాల్లోనే రాశాం. రసీదులు, పాసుబుక్కు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ: 8 ఇళ్లలో 6 ఇళ్లవారు పూర్తిగా ఇచ్చారు, ఒకరు సగం ఇచ్చారు. వాటా లేకపోయినా మేనత్తగారు అరవాటా పంపారు, ఆమెకు మా కృతజ్ఞతలు. మొత్తం 7 వాటాలు. మిగిలిన ఇంటివారు గ్రూపులో పెట్టిన ప్రతి డ్రాయింగుకూ బొటనవేలు గుర్తు పెడుతున్నారు, డబ్బు మాత్రం వచ్చే నెల అంటున్నారు.

ఖర్చు: ఉన్న ఇంటి కొలతలు తీసి ప్లాన్ గీయించడానికి అరవాటా. ఆర్కిటెక్టుకు మొదటి విడత ఒకటిన్నర. ప్రింట్లు, తిరుగుళ్ల ఖర్చు కమిటీవాళ్లమే పెట్టుకున్నాం.

స్ట్రక్చరల్ ఇంజినీరు పరీక్షలకు ఒకటిన్నర. "ఇటుక కదలకముందే ఇంత డబ్బు కాగితాలకా?" అన్న మాట మా చెవిన పడింది, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం. హాలుకీ వంటగదికీ మధ్య గోడ తీసేయమని అడిగింది అందరూ. అది 9 అంగుళాల గోడ. పై అంతస్తు గోడ సరిగ్గా దాని మీదే కూర్చుంది, మధ్యలో బీము లేదు. దాన్ని తీయాలంటే ఇనుప బీము వేసి, ఆ బరువు రెండు చివరల నుంచి పునాదిలోకి దిగేలా చూడాలి. పునాది, స్లాబు ఏ స్థితిలో ఉన్నాయో తెలియకుండా గీత గీయనని ఆర్కిటెక్టు చెప్పేశారు.

పై బాత్‌రూమ్ కింద పెచ్చులూడిన చోట స్లాబును కొంచెం చెక్కి ఫినాల్ఫ్తలీన్ (క్షారగుణం ఉంటే రంగు మారే ద్రావణం) కొట్టారు. బాగున్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరగాలి. ఇక్కడ ఇనుము దాకా రంగే రాలేదు. అంటే అక్కడి కాంక్రీటులో క్షారగుణం పోయింది, ఊచలకు తుప్పు నుంచి కాపుదల లేదు. ఫాల్స్ సీలింగ్ వేస్తే కనబడదు కదా అన్నవారూ ఉన్నారు. కనబడదు, నిజమే!

ఇక ఈ పరీక్షలు ఆలస్యమయ్యాయన్న సంగతి. చెక్కడానికి గది ఖాళీ చేయమంటే ఇవాళ రేపు అన్నది ఎవరో వాళ్లకే తెలుసు. ఇంజినీరును అనడం న్యాయం కాదు.

ప్లాన్ తిరగ్గీయడానికి అరవాటా. ఇంజినీరు రిపోర్టు చూశాక హాలు గోడ ఉంచేసి, ఉన్న ద్వారాన్నే కొత్త లింటెల్‌తో వెడల్పు చేస్తున్నాం. ఇది మొదటి ఫీజులోకే రావాలి కదా అంటున్నారు. ఒప్పందంలో ఉచితంగా ఉన్నవి రెండు మార్పులే. ఆ రెండూ మెట్లు ఎటు తిరగాలన్న వాదనలో ఖర్చయిపోయాయి.

మొత్తం ఖర్చు 4, నిల్వ 3 వాటాలు. ఇందులోంచే కరెంటు, నీళ్ల పైపుల డ్రాయింగులు, పనులవారీ ఎస్టిమేటు చేయించాలి. పాత ఇల్లు కాబట్టి గోడ తెరిచాక ఏం బయటపడుతుందో అని ఎస్టిమేటులో 10 శాతం విడిగా ఉంచమన్నాం. రావలసిన ఒకటిన్నర వాటా చేరేవరకు మేస్త్రీలను కొటేషన్లు అడగం. హాలు గోడ గురించి మళ్లీ మాట్లాడదలచినవారు ఇంజినీరు రిపోర్టు చదివి రండి, కాపీ ఫైల్లో ఉంది.