నిమ్మ అంట్లకు వైరస్ పరీక్ష ఏదీ?

అయ్యా,

చంద్రగిరి పక్కన మాకు ఎకరంన్నర నిమ్మతోట ఉంది. ఆరేళ్ల కిందట ఒక నర్సరీలో అంటుమొక్కలు కొని నాటాను. ఇప్పుడు చెట్లు పైకొమ్మల నుంచి ఎండిపోతున్నాయి, కాయ గోలీ అంత దాటడం లేదు. మందుల షాపులో సూక్ష్మధాతు లోపమన్నారు. జింకు, మాంగనీసు కొట్టి కొట్టి చేయి నొప్పే మిగిలింది.

మొన్న తెలిసినాయన లేత ఆకును ఎండకు ఎత్తి చూపించాడు. ఈనెలు అక్కడక్కడా తెగినట్టు పాలిపోయి ఉన్నాయి. కొమ్మ బెరడు ఒలిస్తే చెక్క మీద సన్నని గుంటలు. ట్రిస్టెజా వైరస్ లక్షణాలట! చిగుళ్ల మీద చేరే నల్ల పేనుబంక దీన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. పేనుకు మందుంది, చెట్టులో చేరిన వైరస్‌కు లేదు. నిమ్మకు ఇది మరీ చేటు.

పేను సంగతి సరే, జబ్బు చెట్టు కొమ్మతో అంటు కడితే వైరస్ నర్సరీలోనే ఎక్కేస్తుంది. తిరుపతిలోనే నిమ్మజాతి పరిశోధన స్థానం ఉంది కదా. నర్సరీల తల్లిచెట్లకు పరీక్ష తప్పనిసరి చేసి, ఆ చీటీ మొక్కతో పాటు రైతుకు ఇప్పించాలని ఉద్యానశాఖను కోరుతున్నాను. ఈ వానలకు నేను మళ్లీ ముప్పై మొక్కలు నాటాలి.

– ఒక నిమ్మ రైతు, చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా