బావి కథతో మొదలుపెట్టు, చిన్నా

ప్రావిడెన్స్, అమెరికా
నవంబరు 18

చిన్నా,

అమ్మ పంపిన పార్సిల్ మొన్న అందింది, చెనిక్కాయల పొడి ప్యాకెట్టు పగలకుండా వచ్చిందని చెప్పు. నాన్న షుగర్ రిపోర్టు చూశాను, ఆ సంగతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడతా. ఇంగ్లీషు భయం కథల్లో ఏది ముందు చదవాలని నువ్వు అడిగిన దాని గురించి ఫోన్‌లో మొదలుపెడితే సగంలోనే ఎవరో ఒకరు ఫోన్ తీసుకుంటారు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ ఇప్పుడు నాలుగున్నరకల్లా పొద్దుగూకిపోతోంది. ఇలాంటి కథల గురించి రాయడానికి ఇంతకంటే మంచి కాలం లేదు.

భయం కథలు రాసిన అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్‌ని మొదలుపెట్టి ముప్పై పేజీల్లో వదిలేశానన్నావు. నువ్వు ఎంచుకున్న కథ వల్ల వచ్చిన చిక్కు అది. 'ఎట్ ద మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' చాలా గొప్పది, కానీ అందులో అంటార్కిటికా మంచు, రాళ్లు, డ్రిల్లింగు, విమానాల లెక్కలు అయ్యేదాకా భయం రాదు. అందరూ ముందు చెప్పే అతని 'ది కాల్ ఆఫ్ క్తుల్హు' కూడా మొదటి కథగా వద్దు. అది ముక్కలు ముక్కలుగా పేర్చిన కథ, ఆ ముక్కలు ఎందుకు భయపెడతాయో తెలియాలంటే ముందు ఈ తరహా అలవాటు కావాలి.

ఆ తరహా ఏమిటో చెబుతా. మన అటక మీది క్షుద్ర నవలలు గుర్తున్నాయిగా, ఎవడో పగబట్టి చేతబడి చేయిస్తాడు, ఇంకో మంత్రగాడు వచ్చి విరుగుడు చేస్తాడు. అవ్వ చెప్పే దెయ్యాల కథల్లోనూ అంతే, కోరిక తీరక చచ్చిపోయిన మనిషి దెయ్యమై పట్టుకుంటుంది, ఆ కోరిక ఏదో తీరిస్తే వదిలిపోతుంది. ఈ కథల్లో చాలావాటిలో పగ లేదు, కోరిక లేదు, విరుగుడు లేదు. వచ్చిందేదో మన కోసం రాలేదు, మనం ఉన్నామని కూడా దానికి పట్టదు, అయినా ఇల్లు నాశనమైపోతుంది. నాకు వీటి మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే. ఏ తప్పూ చేయని వాళ్లకి కష్టం వచ్చినప్పుడు 'ఎందుకిలా' అని అడిగితే జవాబు దొరకదే, ఆ జవాబు దొరకకపోవడాన్ని ఇంత సూటిగా చెప్పిన కథలు నేను వేరే చోట చదవలేదు.

అందుకని లవ్‌క్రాఫ్ట్ రాసిన 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్'తో మొదలుపెట్టు. 1927లో అచ్చయింది. నహూమ్ గార్డ్‌నర్ అనే రైతు, భార్య, ముగ్గురు కొడుకులు, ఒక బావి. 1882లో ఆ బావి పక్కన ఆకాశం నుంచి ఒక రాయి పడుతుంది. కాలేజీ ప్రొఫెసర్లు వచ్చి పరీక్షలు చేస్తారు, దాని రంగు మనకు తెలిసిన ఏ రంగులోకీ చేరదు, రాయేమో రోజురోజుకీ కుంచించుకుపోతుంది. ఆ ఏడు పళ్లు ఎన్నడూ లేనంత పెద్దగా, నిగనిగలాడుతూ కాస్తాయి, కొరికి చూస్తే ఒక్కటీ నోట పెట్టలేరు. ఆ తర్వాత పాలు చెడతాయి, గాలి లేకుండానే చెట్ల కొమ్మలు కదులుతాయి, పశువులు బూడిదరంగుకి తిరిగి పొడిపొడిగా రాలిపోతాయి. పొరుగు రైతు వచ్చి ఈ నీళ్లు మంచివి కావు, ఇంకో బావి తవ్వుకో అని చెబుతూనే ఉంటాడు. నహూమ్ వినడు, అవే నీళ్లు తోడుకుని తాగుతుంటాడు. ఇంకా చెప్పను. పంట చేతికొచ్చినట్టే వచ్చి పోవడం అంటే ఏమిటో మనింట్లో పుట్టిన నీకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ కథని చెప్పేవాడు కొత్తగా కట్టబోయే రిజర్వాయరు కోసం సర్వేకి వచ్చిన మనిషి. ఆ పొలం, ఆ బావి అన్నీ నీళ్ల కింద పోతాయి, ఆ నీళ్లు ఊరికి వస్తాయి, తాను మాత్రం ఎప్పటికీ ఆ నీళ్లు ముట్టనంటాడు. ఇది ఊరికే ఊహించి రాసింది కాదు. 1920లలో ప్రావిడెన్స్ నీటి కోసం పడమటి వైపు సిట్యుయేట్ రిజర్వాయరు కట్టారు, ఊళ్లు ఖాళీ చేయించారు, సమాధులు కూడా తవ్వి వేరే చోటికి తరలించారు. ఆ ఆలోచన తనకు అక్కడి నుంచే వచ్చిందని లవ్‌క్రాఫ్టే ఒక ఉత్తరంలో రాశాడు. మా వంటింటి కుళాయిలో వచ్చేవి ఆ నీళ్లే. మొదటిసారి ఈ సంగతి తెలిసిన రాత్రి గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను, భయంతో కాదురా, శ్రీశైలం ముంపులో పోయిన అవ్వ పుట్టిల్లు గుర్తొచ్చి. వాళ్లింటి బావి కూడా నీళ్ల కిందే ఉంది కదా.

రెండోది ఆల్జర్నన్ బ్లాక్‌వుడ్ రాసిన 'ది విల్లోస్', 1907 నాటిది. ఇద్దరు స్నేహితులు డాన్యూబ్ నదిలో చిన్న పడవ మీద పోతూ వరదలో ఒక లంక మీద రాత్రికి దిగుతారు. చుట్టూ విల్లో పొదలు, ఇసుక, నీళ్లు, గాలి, అంతే. లంక గంటగంటకీ కోసుకుపోతుంటుంది. పొద్దున లేచేసరికి ఒక తెడ్డు ఉండదు. రాత్రి పొదలు ఉన్నచోట ఉన్నాయా, దగ్గరికి జరిగాయా? లవ్‌క్రాఫ్ట్ ఈ తరహాలో దీన్ని అన్నిటికన్నా పైన పెట్టాడు, నేనూ అక్కడే పెడతాను. మెల్లగా నడుస్తుంది, తొందరపడకు.

ఎం.ఆర్. జేమ్స్ కేంబ్రిడ్జిలో పండితుడు, క్రిస్మస్ రోజుల్లో స్నేహితుల్ని కూర్చోబెట్టి తను రాసిన దెయ్యం కథలు చదివి వినిపించేవాడు. కరెంటు పోతే అవ్వ చుట్టూ చేరేవాళ్లం చూడు, అలాగ. 1904లో వచ్చిన సంపుటంలో ఈల దొరికిన ప్రొఫెసరు కథ చదువు, తర్వాత కొన్నాళ్లు గదిలో ఖాళీ మంచం ఉంటే నీకు నిద్ర పట్టదు. డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ 'ది మంకీస్ పా' చిన్నది, అరగంటలో అయిపోతుంది. అందులోని కోతి చెయ్యి ఇండియాలో ఒక ఫకీరు మంత్రించినది. ఆ కాలం ఇంగ్లీషు కథల్లో అర్థం కాని ప్రతిదీ మన దేశం నుంచే వచ్చేది.

దీనితో పాటు ఇంకొకటి ముందే చెప్పాలి. లవ్‌క్రాఫ్ట్‌కి నల్లవాళ్లన్నా, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లన్నా అసహ్యం. దాచుకోలేదు, ఉత్తరాల్లోనూ కథల్లోనూ రాశాడు. న్యూయార్క్‌లో రెండేళ్లు ఉండి వచ్చినప్పటి రాతలు చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. వరల్డ్ ఫాంటసీ అవార్డుగా అతని తల బొమ్మ ఇచ్చేవాళ్లు, అది ఆపేస్తామని 2015లో ప్రకటించారు, మంచి పని చేశారు. అయినా చదవమంటున్నాను, కళ్లు తెరుచుకుని చదవమంటున్నాను. 'హారర్ ఎట్ రెడ్ హుక్' అనే అతని కథ దగ్గరికి వచ్చినప్పుడు, దాన్ని నల్లజాతి మనిషి వైపు నుంచి తిరగరాసిన విక్టర్ లావాల్ 'ది బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్' కూడా పక్కన పెట్టుకో.

లవ్‌క్రాఫ్ట్ సమాధి ఇక్కడే స్వాన్ పాయింట్ శ్మశానంలో ఉంది. 46 ఏళ్లకే, 1937లో, పేగు క్యాన్సర్‌తో పోయాడు, బతికుండగా పుస్తకంగా వచ్చింది ఒకే ఒక్క కథ. విడిగా రాయి కూడా లేకపోతే 1977లో అభిమానులు చందాలు వేసుకుని పెట్టించారు. పోయిన నెల వెళ్లాను. ఎవరో పెన్నులు వదిలి వెళ్లారు. నాలాంటి వాళ్లు తన వీధుల్లో తిరగడం ఇష్టపడని మనిషి సమాధి ముందు నిలబడి, అవ్వ ఊరి బావి గుర్తుచేసిన కథ రాసినందుకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను.

పుస్తకాలు కొనక్కర్లేదు. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకి కాపీరైట్ అయిపోతుంది కాబట్టి నేను చెప్పిన పాత కథలన్నీ నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. డిక్షనరీ పక్కన పెట్టుకోకు, తెలియని మాట వస్తే దాటిపో. ఒక కథ ఒకే రాత్రి పూర్తి చెయ్యి, బస్సులో ముక్కలుగా చదివితే పాడైపోతుంది.

బావి కథ అయ్యాక అవ్వకి తెలుగులో చెప్పు, నీ మాటల్లో. సంగమేశ్వరం గుడి ఇప్పుడు నీళ్లలోనే ఉంటుంది కదా. ఎండాకాలం డ్యాం నీళ్లు తగ్గి గుడి బయటపడ్డాక, ఒంట్లో బాగుంటే ఆవిడని ఒకసారి తీసుకెళ్లు. వాళ్ల ఊరు ఏ దిక్కున ఉండేదో చూపించమని అడిగి, నాకు ఫోటో పంపు.

అక్క